శాలువా కప్పిన శనివారం

మర్యాదగా రాసిన ఉత్తరాలంటే నాకు ఒళ్ళు మంట. తిడుతూ రాసిన ఉత్తరాన్ని చించి పారేయొచ్చు. మర్యాదగా రాసినదానికి మళ్ళీ మనమే థాంక్స్ చెప్పుకోవాలి.

అలాంటిది మొదట నాకే వచ్చింది. మా అమ్మాయి స్కూల్లో చిన్న తరగతుల పిల్లలకి వారానికోసారి కథల పుస్తకం చదివి వినిపించడానికి తల్లులు ఎవరైనా వస్తారా అని అడిగితే పేరిచ్చాను. ఆఫీసులో సగం పూట సెలవు పెట్టి మరీ వెళ్ళాను. ఎలుగుబంటి, తేనెపట్టు కథ. ఎలుగుబంటి గొంతు పెట్టాను, తేనెటీగ గొంతు పెట్టాను, పిల్లలు నేలమీద దొర్లి నవ్వారు. మూడు వారాలు బాగానే గడిచాయి. నాలుగో వారం తల్లిదండ్రుల కమిటీ నుంచి మెయిల్. నా ఉత్సాహాన్ని వాళ్ళు ఎంతో గౌరవిస్తున్నారట. అయితే పిల్లలది ఉచ్చారణ కుదురుకునే వయసు కాబట్టి చదివే బాధ్యత ఇంకొకరికి ఇస్తున్నారట. వచ్చే నెల ఫుడ్ స్టాల్‌కి మాత్రం నా సహాయం అమూల్యమట. చివర ఒక నవ్వు బొమ్మ పెట్టి, మురుకులు చేయగలరా అని అడిగారు.

మురుకులు! వాటిని మేము జంతికలంటాం, అవి చేయడం నాకు రాదు. మలేషియా పక్కనున్న ఈ చిన్న ద్వీపానికొచ్చి పద్నాలుగేళ్ళయింది. 'మీరు తమిళ్ కాదా? మరి ఏ ఇండియన్?' అని లిఫ్టులోనూ, క్లినిక్‌లోనూ, ఆఫీసు భోజనాల్లోనూ ఎంతమంది అడిగారో. మాది వేరే భాష, వేరే లిపి అని ఓపిగ్గా చెప్తాను. అంతా విని, 'ఓ, తమిళ్ లాగే లా' అంటారు, ఇక్కడ ప్రతి మాట చివరా తగిలించే ఆ 'లా'తో సహా. వీళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాదని ఎప్పుడో తేలిపోయింది. కానీ నా ఇంగ్లీషు ఐదేళ్ళ పిల్లల చెవులకి హానికరమని తేలడం అదే మొదలు.

రెండు రోజులు ఇంట్లో గిన్నెలన్నీ శబ్దం చేస్తూ కడిగాను. మా ఆయన విని విని, "వదిలెయ్. మురుకులు కొనిచ్చెయ్" అన్నాడు. బెడోక్ బజారులో నాలుగు ప్యాకెట్లు కొని, ఏప్రన్ కట్టుకుని స్టాల్లో నిలబడ్డాను. 'ఇంట్లో చేసినవా?' అని అడిగితే తలూపాను. అదీ నా పౌరుషం.

ఆ ఉత్తరాన్ని నేను మర్చిపోలేదు. ఎవరు దొరికితే వాళ్ళకి చదివి వినిపించి, 'చూశారా, మనల్ని ఎలా చూస్తారో!' అనేదాన్ని. ముఖ్యంగా మా శనివారం తెలుగు క్లాసులో.

క్లాసంటే పెద్దదేం కాదు. పాసిర్ రిస్‌లో మా బ్లాకు కింద ఒక గది ఉంది. శనివారం పొద్దున పదింటినుంచి పన్నెండు వరకూ దాన్ని బుక్ చేసుకుని ఓ పద్నాలుగు మంది పిల్లలకి తెలుగు నేర్పిస్తాం. అందరం ఐటీ వాళ్ళం, బ్యాంకుల వాళ్ళం. కాబట్టి క్లాసు కూడా ప్రాజెక్టులాగే నడుస్తుంది. ఒక కమిటీ, ఒక వాట్సాప్ గ్రూపు, ఎవరెప్పుడు చిరుతిళ్ళు తేవాలో ఒక ఎక్సెల్ షీటు. తల్లిదండ్రులు వెనక వరసలో లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు. కమిటీ పెద్ద ఒక బ్యాంకాయన, ప్రతి మాటకీ 'యాక్షన్ ఐటమ్' అంటాడు. గుణింతాలు, ఒత్తులు నా డిపార్ట్‌మెంటు. మా పదేళ్ళ కూతురు ఏ తెలుగు కాగితం ఇచ్చినా గడగడ చదివేస్తుంది. ఏమర్థమైందని అడక్కూడదు, అంతే. అడిగితే, 'అమ్మా, యూ సెడ్ రీడ్ ఓన్లీ' అంటుంది.

ఆ క్లాసుకే ఒక పెద్దావిడ వచ్చేది, మేం పిలిస్తే వచ్చిన మనిషి కాదు. మా బ్లాకు కింద ఎవరిదో పెళ్ళి భోజనాలకొచ్చి, గదిలోంచి పిల్లలు అంకెలు వల్లెవేయడం విని తలుపు దగ్గర నిలబడిపోయింది. డెబ్బై దాటిన మనిషి, బక్కపలచగా, పూల చొక్కా, పొడుగు స్కర్టు, మెడలో సన్నటి గొలుసు. "తెలుగే కదా? తెలుగే కదా మీరు సెప్తన్నది?" అంది. మేమింకా అవునని కూడా అనలేదు, చెప్పులు విప్పి లోపలికొచ్చి పిల్లల మధ్య కింద కూర్చుంది.

మలేషియాలో కొబ్బరి తోటల ఎస్టేటులో పుట్టిందట. తాతల నాడే వచ్చేశారు. ఇరవయ్యో ఏట పనికోసం ఇటొచ్చి, మొదట ఫ్యాక్టరీలో, తర్వాత ఒక క్లినిక్ కౌంటర్లో పనిచేసి రిటైరైంది. భర్త తమిళాయన, పోయాడు. పిల్లలు, మనవలు అంతా ఇంగ్లీషే. తల్లి ఉన్నన్నాళ్ళూ రోజూ ఫోన్‌లో తెలుగు మాట్లాడేది. "అమ్మ పోయి రెండేళ్ళు. అప్పట్నించీ తెలుగులో మాటాడ్డానికి నాకు ఎవులూ నేరమ్మీ" అంది నాతో. ఎవరూ లేరని, ఏదో కరెంటు పోయిందన్నంత మామూలుగా.

ఆ తర్వాత ఏ శనివారమూ మానలేదు. ఉండేది బూన్ లే అనే చోట. అక్కడెక్కితే ద్వీపం ఈ కొసకి గంటా పది నిమిషాలు రైల్లో. మేము పై అంతస్తునుంచి దిగి పది దాటాక వచ్చేసరికి ఆవిడ గది తలుపు దగ్గర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేది. డబ్బా అంటే పాత ఐస్‌క్రీమ్ డబ్బా, నిండా అరిసెలు. మన బెల్లం కాదు, ఇక్కడి కొబ్బరి బెల్లంతో చేసేది. రంగు నలుపు, రుచి మాత్రం అబ్బో.

నెల తిరక్కుండానే ఒక గంట క్లాసు ఆవిడకి ఇచ్చేశాం. పిల్లలకి ఆవిడ పుస్తకం ముట్టుకోకుండా చెప్పేది. 'పసార్' అని ఒక ఆట కనిపెట్టింది. వాళ్ళ మాటల్లో పసార్ అంటే బజారు. నిజం వంకాయలు, బెండకాయలు, ఒకసారి ఎండుచేపలు కూడా తెచ్చి చాపమీద పరిచేది. తెలుగులో బేరమాడితేనే అరిసె. అన్నిటికీ 'కెన్, కాన్నాట్' తప్ప మాటరాని పిల్లలు ఒకళ్ళమీద ఒకళ్ళు పడి "ఇయ్యనంటే ఇయ్యను, పో!" అని అరవడం మొదలెట్టారు. రెండు నెలల్లో మా అమ్మాయి నాతో వంకాయకి బేరమాడింది. నాకెంత సంతోషమేసిందో, అంత భయమూ వేసింది. ఎందుకు భయమో చెప్పాలి.

ఆవిడ మాట్లాడేది మా ఊరి మాట. మాది శ్రీకాకుళం జిల్లా. ఏటి, నేదు, సెప్పు, బేగి, కూకో. మా నాయనమ్మ అచ్చం ఇలాగే మాట్లాడేది, నేనూ పదిహేనేళ్ళు ఇలాగే మాట్లాడాను. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరాక గదిలో అమ్మాయిలు రోజూ భోజనాల దగ్గర నన్ను అనుకరించి నవ్వేవారు. నేను 'నాను' అన్నప్పుడల్లా ఒకమ్మాయి పళ్ళెం మీద చెంచాతో కొట్టేది. రెండేళ్ళలో మొత్తం తోమి పారేశాను. అప్పట్నించీ ఏ ఊరని ఎవరడిగినా 'వైజాగ్' అంటాను. మా ఆయనతో కూడా అలా మాట్లాడను. ఆవిడ నన్ను మొదటివారమే అడిగింది, "మీదే ఊరమ్మీ?" అని. వైజాగ్ అన్నాను.

సరే, ఫీడ్‌బ్యాక్ ఫారం సంగతి. ఆరు నెలలకోసారి తల్లిదండ్రులకి ఫారం పంపాలని బ్యాంకాయన పట్టుదల. టీచర్లవారీగా చుక్కలివ్వాలి, వ్యాఖ్యలు రాయాలి. ఆవిడకి ఐదుకి రెండున్నర చుక్కలొచ్చాయి. 'పిల్లలకి తప్పుడు తెలుగు వస్తోంది.' 'మావాడు తాతగారితో ఫోన్‌లో ఏటి ఏటి అంటున్నాడు, ఇంట్లో అందరూ నవ్వారు.' 'పిల్లల్ని గుంటలు అని పిలవడం అభ్యంతరకరం.' (మా వైపు గుంటలంటే పిల్లలనే.) 'మంచావిడే, కానీ స్టాండర్డ్ ఉండాలి కదా.' ఇందులో ఒకావిడైతే, నా స్కూలు మెయిల్ విన్నప్పుడు 'అన్యాయం, వీళ్ళకి ఎంత పొగరో' అని నాకంటే ఎక్కువ ఆవేశపడిన మనిషి.

కమిటీ మీటింగులో నేనేం చేశానో ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే చిరాకు. ఇది తప్పుడు తెలుగు కాదు, ఒక ప్రాంతపు తెలుగు అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ అంటే వెంటనే 'మీకెలా తెలుసు?' అంటారు కదా. ఆ ప్రశ్నకి భయపడి నోరు మూసుకున్నాను. మూసుకున్న నోరు అలాగే ఉంటే ఇంత కథ లేకపోయేది. "లెటర్ నేను రాస్తాను. పెద్దావిడ కదా, కొంచెం సున్నితంగా చెప్పాలి" అన్నాను.

రాశాను. మంచి దళసరి కాగితం, చుట్టూ మామిడాకుల తోరణం అంచు. 'మాతృభాషా సేవలో తమరందించిన అమూల్య సహకారమునకు హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకొంటూ, ఇకపై బోధనాభారము నుండి తమకు విశ్రాంతి కల్పించుటకు కమిటీ నిర్ణయించినదని సవినయముగా మనవి.' అమూల్యం అన్న మాట స్కూలువాళ్ళ మెయిల్లోంచే వచ్చిందని ప్రింటు తీశాక గాని నేను గమనించలేదు. గమనించాక కూడా మార్చలేదు.

బ్యాంకాయనకి నా ఉత్తరం చాలలేదు. ఉత్తచేతుల్తో పంపిస్తే బాగోదు, శాలువా కప్పుదాం అన్నాడు. మనవాళ్ళకి ఇదొక జబ్బు. ఎవరినైనా నెత్తిన పెట్టుకోవాలన్నా శాలువాయే, గుమ్మం దాకా సాగనంపాలన్నా శాలువాయే. ఆ శనివారం క్లాసయ్యాక ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, జరీ అంచు శాలువా కప్పి, రెండు చేతులతో కవరు అందించి, ఫోటోలు తీశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సాయంత్రం గ్రూపులో, 'ఎంత హుందాగా తీసుకున్నారో, గ్రేట్ లేడీ' అని ఒకరు, కింద వరసగా దణ్ణాలు. నాకు కూడా, పోన్లే గండం గడిచిందనిపించింది.

తర్వాతి శనివారం పదయ్యేసరికి ఆవిడ తలుపు దగ్గర కూర్చుని ఉంది.

ఒళ్ళో అరిసెల డబ్బా. సంచిలో మడత పెట్టిన శాలువా. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో నా ఉత్తరం. బ్యాంకాయన దూరంనుంచే చూసి, ఫోన్ చెవికి ఆనించుకుని, 'కాల్ ఉందండీ' అని కార్ పార్కు వైపు నడిచాడు. యాక్షన్ ఐటమ్ నాకు మిగిలింది.

"అమ్మీ, ఇది సదివి సెప్పవా? మా మనవరాలు ఫ్రేము కట్టిస్తానంది. ఏటి రాసినారో తెల్దు కదా నాకు" అంది. ఆవిడకి తెలుగు చదవడం రాదు! ఎస్టేటులో ఉన్నది తమిళ బడి, తర్వాత ఇంగ్లీషు. తెలుగు చెవితో నేర్చుకున్నదే. ఆరునెలలు పుస్తకం ముట్టుకోకుండా ఎందుకు చెప్పిందో మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆవిడ చదవగలిగే భాషలు రెండున్నాయి, ఆ రెండూ వదిలేసి, గౌరవంగా ఉంటుందని, చదవలేని దాంట్లో రాశాను.

కళ్ళజోడు తేలేదన్నాను. కళ్ళజోడు నా నెత్తిమీదే ఉంది. ఆవిడ దాన్ని చూసి, మా అమ్మాయికేసి తిరిగింది. "గుంటా, నువ్వు సదువు. నువ్వు బాగా సదువుతావు కదా."

మా అమ్మాయి లేచి నిలబడి, గొంతు సవరించుకుని చదివింది. పిల్లలంతా చుట్టూ చేరారు. 'అమూల్య సహకారమునకు', ఒక్క ఒత్తు తప్పలేదు. 'బోధనాభారము నుండి', దీర్ఘం ఎక్కడుండాలో అక్కడే. నేను నేర్పిన చదువే, అక్షరం పొల్లుపోకుండా. అర్థం ఒక్క పిల్లకీ తెలీదు. ఆవిడకీ ఆ భారీ మాటలు అందలేదనుకుంటాను, ముఖంలో నవ్వు అలాగే ఉంది. చివర మా అమ్మాయి ఆగి, "అమ్మా, విశ్రాంతి మీన్స్ రెస్ట్, రైట్? ఆంటీ టయర్డ్ ఆ?" అంది.

"నానేటి టయర్డ్ అవనేదు" అంది ఆవిడ, ఇంకా నవ్వుతూనే. తర్వాత నా ముఖం చూసింది. "ఏటి రాసినారమ్మీ?"

నేను చెప్పాలనుకున్నది వేరు. కమిటీ, స్టాండర్డు, సిలబస్సు అని ఏవేవో నోటిదాకా వచ్చాయి. ఏ మాటా ఆవిడ ముందు నిలబడేలా లేదు. చివరికి నోట్లోంచి ఊడిపడింది, నేను తోమి పారేశాననుకున్నది.

"నిన్ను రావొద్దనీసి రాసినారప్పా. ఎవులో కాదు, నానే రాసినాను."

మా ఊళ్ళో అక్కని అప్పా అని పిలుస్తాం. ఇరవై ఆరేళ్ళు ఆ పిలుపు నోటితో అనలేదు.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఆ కాగితం అంచుమీది మామిడాకుల్ని వేలితో నిమిరింది. అయ్యాక, "ఆ మాట సెప్పడానికి శాలువా ఏలమ్మీ?" అంది. తలెత్తి, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసి, "అయితే మా అమ్మలాగే మాటాడతావన్నమాట. ఇన్నాళ్ళూ నా పక్కనే కూకుని..." అని ఆపేసింది. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఏడ్చి తేలికపడేదాన్ని.

పోయిన వారం కథ సగంలో ఉందని పిల్లలు గోల చేస్తే, "అది ముగించీసి ఎల్తాను" అంది. ముగించింది. వేలెడంత పిల్ల ఒక నక్కని మోసం చేసి ఏరు దాటే కథ. చెప్పినంతసేపూ నావైపు చూడలేదు. అరిసెలు పంచింది, ఎవరికీ తక్కువ రాకుండా. పిల్లలకి టాటా చెప్పి స్టేషన్‌కి నడిచింది.

ఖాళీ డబ్బా మర్చిపోయింది. పట్టుకుని పరిగెత్తాను. స్టేషన్ గేటు దగ్గర దొరికింది. డబ్బా చాపితే తీసుకోలేదు. "ఖాళీ డబ్బా ఇస్తారేటి ఎవులైనా? నింపి అట్టుకురా. నాకు మోకాళ్ళు సుసాగా, కష్టంగా ఉన్నాయి, ఈ దూరం నానింక రానేను. ఒక శనివారం నువ్వే రా. కూకుని మాటాడుకుందాం." కార్డు తాకించి, గేటు దాటి, ఎస్కలేటర్ ఎక్కింది. మోకాళ్ళ నొప్పి ఆ రోజే మొదలైందని నేను నమ్మను.

ఇంటికెళ్తుంటే మా అమ్మాయి, "అమ్మా, నువ్వు ఆంటీతో మాట్లాడావే, అది ఏ లాంగ్వేజ్?" అంది.

"తెలుగే."

"నాట్ లైక్ అవర్ తెలుగు లా. హౌ కమ్ యూ నో?"

లిఫ్టు వచ్చింది. ఎక్కాం. మా అంతస్తు బటన్ నొక్కాను.

మరుసటి వారం గ్రూపులో, ఇందాకటి ఆవేశపరురాలే, 'ఈ వారం స్నాక్స్ ఎవరండీ? పెద్దావిడ అరిసెలు మిస్ అవుతున్నాం' అని ఏడుపు బొమ్మ పెట్టింది. ఆ రాత్రి గిన్నెలన్నీ మళ్ళీ శబ్దం చేస్తూ కడిగాను. గ్రూపులో మాత్రం ఏమీ రాయలేదు. క్లాసు ఇప్పటికీ నడుస్తోంది, స్టాండర్డు బాగానే ఉంది, పిల్లలు పొల్లుపోకుండా చదువుతున్నారు. మళ్ళీ 'కెన్, కాన్నాట్' అంటున్నారు.

ఏడు నెలలైంది. డబ్బా మా వంటింట్లో స్టవ్ పైన అలమరలో ఉంది. మొదట్లో అరిసెలు నేనే చేసి నింపుదామనుకున్నాను. రెండుసార్లు పాకం ముదిరింది. కొన్నవి పోసివ్వడానికి మనసొప్పలేదు, మురుకుల ప్యాకెట్లు గుర్తొచ్చి. తర్వాత ఆఫీసు, పరీక్షలు, మా అత్తగారి రాక. సాకులకేం, నాకెప్పుడూ కొదవ లేదు. అసలు సంగతేమిటంటే, అక్కడికెళ్తే ఆ మాటలే మాట్లాడాలి, సాయంత్రం దాకా, వేరే దారి లేకుండా. ఆవిడ ఎదురుచూస్తూనే ఉంటుంది.

నిన్న మా అమ్మాయి ఆ డబ్బా కిందికి దింపి, రంగు పెన్సిళ్ళు పెట్టుకోనా అని అడిగింది. వద్దన్నాను, ఆంటీది, ఇచ్చెయ్యాలి అన్నాను.

"దెన్ గివ్ లా. వెరీ ఫార్ ఆ?"

దూరమేం కాదు అన్నాను. ఇక్కడెక్కి బూన్ లేలో దిగడమే. రైలు మారక్కర్లేదు కూడా.